కుబుసం చూసి టరాంటులా ఆడో మగో, ఏ జాతో తేల్చడం ఎలా

ఇంట్లో పెంచుకునే టరాంటులా, అంటే ఒంటినిండా వెంట్రుకలుండే పెద్ద సాలీడు, కుబుసం విడవగానే ఆ ఖాళీ తోలు చూసి మురిసిపోయి, రెండు ఫోటోలు తీసుకుని, తర్వాత దాన్ని చెత్తలో పడేసేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. దయచేసి పడేయకండి. మీ సాలీడు ఆడదా మగదా అనేదానికి ఇంట్లో దొరికే సాక్ష్యాల్లో అదే గట్టిది, పైగా దానికోసం సాలీడును ముట్టుకోవాల్సిన పనే లేదు. జాతి సంగతి మాత్రం వేరు. దాన్ని కుబుసం సగమే చెబుతుంది, మిగతా సగం మనం ఊహించుకుని పూరిస్తాం, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. అందుకే రెండిటినీ విడివిడిగా రాస్తున్నాను, రెండిటి మీదా ఒకే స్థాయి నమ్మకం పెట్టుకోకండి.

ఆడో మగో తెలిస్తే ఏం ఒరుగుతుందంటే, ముందు ఆయుష్షు లెక్క తేలుతుంది. బ్రాకిపెల్మా లాంటి నెమ్మదిగా పెరిగేవాటిలో ఆడది 20 ఏళ్లు దాటి బతుకుతుంది. మగది పెద్దదయ్యే ఆఖరి కుబుసం విడిచాక ఆడదాన్ని వెతుక్కుంటూ తిరగడం మొదలుపెడుతుంది, తిండి తగ్గిస్తుంది, ఎక్కువకాలం ఉండదు. అది తెలియక "మా సాలీడుకి ఏదో జబ్బు చేసింది" అని టెన్షన్ పడేవాళ్లను చూశాను.

అసలు తోలులో ఆ గుర్తు ఎందుకు ఉంటుంది

చొక్కా విప్పితే జేబు కూడా చొక్కాతోనే వస్తుంది కదా. ఇదీ అంతే. ఆడ టరాంటులా పొట్ట అడుగున, మగదాని వీర్యాన్ని దాచుకోవడానికి చిన్న సంచులుంటాయి, వాటిని స్పెర్మథీకా అంటారు. అవి లోపల ఉన్నా, నిజానికి బయటి చర్మమే లోపలికి మడతపడి సంచిలా ఏర్పడింది కాబట్టి కుబుసంతోపాటు వాటి పొర కూడా ఊడి వచ్చేస్తుంది. అందుకే జతకట్టిన ఆడది గుడ్లు పెట్టకముందే కుబుసం విడిస్తే దాచుకున్న వీర్యం కూడా తోలుతోపాటే పోతుంది, మళ్లీ జత కట్టాల్సిందే. ఊపిరితిత్తుల లోపలి పొర, పీల్చే పొట్ట లోపలి పొర కూడా ఇలాగే వస్తాయి.

ఈ జేబు పోలికను గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తొలిసారి చేసేవాళ్ల పొరపాటు దీనితోనే అర్థమవుతుంది. చొక్కాను బయటినుంచి చూస్తే జేబు సంచి కనబడదు, లోపలివైపు తిప్పితేనే కనబడుతుంది. నేను మొదటిసారి గ్రామోస్టోలా పుల్క్రా కుబుసాన్ని గంటసేపు భూతద్దం పెట్టి చూసి, ఏమీ లేదు కాబట్టి మగదే అని తేల్చేశాను. ఆ గంటా చూసింది వెంట్రుకలున్న బయటివైపు. తర్వాతి కుబుసంలో లోపలివైపు చూస్తే రెండు సంచులూ నన్ను వెక్కిరిస్తున్నట్టు నిలబడి ఉన్నాయి.

తోలును బయటికి తీయడం

సాలీడు వెల్లకిలా పడుకుని ఉంటే చచ్చిపోలేదు, కుబుసం విడుస్తోంది, ముట్టుకోవద్దు, ఊదొద్దు, నీళ్లు చల్లొద్దు. పని అయిపోయి మామూలుగా తిరగబడ్డాక కూడా ఒళ్లు మెత్తగానే ఉంటుంది, కోరలు తెల్లగా ఉంటాయి. ఆ కోరలు తెలుపునుంచి ఎరుపుకి, ఎరుపునుంచి నలుపుకి తిరిగేదాకా తిండి పెట్టకూడదన్నది ఎలాగూ మీకు తెలిసే ఉంటుంది. తోలు తీయడానికి మాత్రం అంతకాలం ఆగక్కర్లేదు. చిన్నవాటికి ఒక రోజు, పెద్దవాటికి రెండు మూడు రోజులు ఆగి, అది తోలుకి దూరంగా జరిగినప్పుడు తీయండి. మరీ ఆలస్యం చేసినా ఇబ్బందే, కొన్ని ఆ తోలును నమిలి, దారం చుట్టి, ఉండ చేసి ఓ మూల పడేస్తాయి, అప్పుడు దాన్ని విప్పడం మహా చిరాకు.

పొడవాటి ట్వీజర్స్ వాడండి. పట్టుకోవడం వీపు చిప్ప (కాళ్లున్న ముందు భాగం పైనుండే గట్టి మూత) దగ్గరో కాళ్ల దగ్గరో పట్టుకోవాలి, పొట్ట తోలును అస్సలు పట్టుకోకూడదు, మనకు కావాల్సింది మొత్తం ఆ తోలులోనే ఉంది, అది తడి టిష్యూ కాగితంలా చిరుగుతుంది. పోసిలోథేరియా, టెరినోకైలస్ లాంటి మెరుపు వేగంవాళ్ల దగ్గర ధైర్యం చూపించకండి, ముందు సాలీడు మీద ఒక డబ్బా బోర్లించి తర్వాతే తోలు తీయండి.

ఇంకో మాట. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి కుబుసం మీద కూడా దురద వెంట్రుకలుంటాయి, సాలీడు లేదు కదా అని చేత్తో నలిపి కళ్లు తుడుచుకుంటే ఆ రోజంతా ఏడుపే. థెరఫోసా వెంట్రుకలైతే మరీ దారుణం. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఫ్యాన్ ఆపేయండి, ముఖం దగ్గర పెట్టుకుని ఊదకండి. నీళ్లలో వేశాక వెంట్రుకలు ఎగరవు కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

తడపకముందే ఒక పని

జాతి గురించి కూడా ఏమైనా తెలుసుకోవాలనుకుంటే పొడిగా ఉన్నప్పుడే నాలుగు వైపులా ఫోటోలు తీయండి. తడిస్తే వెంట్రుకలన్నీ అతుక్కుపోయి ఏ రంగైనా ఒకేలా ముదురుగా కనబడుతుంది. వీపు చిప్ప, కాళ్ల పైవైపు, కాళ్ల కిందివైపు, పొట్ట మీద మిగిలిన వెంట్రుకలు, వీటన్నిటికీ విడివిడిగా ఫోటోలుండాలి. పక్కన స్కేలు పెట్టండి. కాళ్లు వంకర తిరిగి ముడుచుకుంటాయి కాబట్టి కాళ్ల కొలత నమ్మలేం, వీపు చిప్ప మాత్రం గట్టిగా ఉండి సాగదు, ముడుచుకోదు, అందుకే సాలీడు సైజు రాసుకోవాలంటే చిప్ప పొడవు మిల్లీమీటర్లలో రాసుకోవడమే మంచి పద్ధతి. అది విడవకముందు సైజు అని గుర్తుంచుకోండి, ఇప్పుడు మీ సాలీడు అంతకంటే పెద్దదే.

నానబెట్టి పరచడం

గోరువెచ్చని నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. చుక్క అంటే చుక్కే. వెంట్రుకలు నీటిని దగ్గరికి రానివ్వవు, ఆ సబ్బు లేకపోతే తోలు పైన తేలుతూ ఎంతసేపైనా పొడిగానే ఉంటుంది. తాజాగా విడిచినదైతే పావుగంట, అరగంట చాలు. నెలల నాటిదైతే రాత్రంతా వదిలేయండి. ఏళ్ల తరబడి డబ్బాలో ఎండిపోయిన కుబుసాన్ని కూడా ఇలా మెత్తబరిచి చూడొచ్చు, కాబట్టి పాతవి దాచుకున్నవాళ్లు వాటిని బయటికి తీయండి.

నానాక చూస్తే మూడు ముక్కలు తెలుస్తాయి. మూతలా విడిపోయిన వీపు చిప్ప ఒకటి, దాని మీదే కళ్ల గుంపు ఉంటుంది. కాళ్లు, కోరలు ఉన్న ఛాతీ భాగం రెండోది. దాని వెనక ఎండుద్రాక్షలా ముడతపడి వేలాడేది పొట్ట తోలు. మనకు కావాల్సింది మూడోదే. దాన్ని తెల్లటి పళ్లెంలో, అర అంగుళం లోతు నీళ్లలో ఉంచి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో కొంచెం కొంచెంగా విప్పండి. ట్వీజర్స్‌తో లాగకండి. నీటిలో అటూ ఇటూ కదుపుతుంటే చాలావరకు దానంతట అదే విచ్చుకుంటుంది, మీరు చేయాల్సింది ఓపిక పట్టడమే. ఇంకా సంచిలా మూసుకునే ఉంటే చిన్న కత్తెరతో వీపు వైపు మాత్రమే కత్తిరించి తెరవండి, పొట్ట అడుగు వైపు కత్తెర పెడితే చూడాల్సింది అక్కడే తెగిపోతుంది.

ఇప్పుడు దిక్కులు. ఒక చివర చిన్న తోకల్లాంటివి రెండు ఉంటాయి, దారం వచ్చేది వాటినుంచే, అది వెనకవైపు. రెండో చివర ఛాతీకి అతుక్కుని ఉంటుంది, అది ముందువైపు. వెంట్రుకలున్నది బయటివైపు, నున్నగా ఉన్నది లోపలివైపు. నున్నటి వైపు పైకి వచ్చేలా, ముందువైపు మీకు దూరంగా ఉండేలా పరచండి. ఇకనుంచి నేను పైన, కింద అంటున్నదంతా ఈ ప్రకారమే.

అలా పరిచాక నాలుగు తెల్లటి మచ్చలు కనబడాలి, పైన రెండు, కింద రెండు. వాటినే బుక్ లంగ్స్ అంటారు, పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉండే ఊపిరితిత్తులు. ఇవి దొరికితే సగం పని అయిపోయినట్టే, దొరకలేదంటే మీరు వీపు వైపు తోలు చూస్తున్నారని అర్థం. పై జతను, అంటే ఛాతీకి దగ్గరగా ఉన్న జతను చూడండి. ఆ రెండిటి కింది అంచుల్నీ కలుపుతూ అడ్డంగా ఒక గీత ఉంటుంది, అది గుడ్లు బయటికి వచ్చే గాడి, ఎపిగాస్ట్రిక్ ఫర్రో అని దాని పేరు. మీ ప్రశ్నకు జవాబు ఆ గీత మీదే, ఆ రెండు మచ్చల మధ్యే ఉంటుంది. వెనక జత మధ్య వెతికి లాభం లేదు, అక్కడ ఆడదానికైనా మగదానికైనా ఏమీ ఉండదు.

ఆడదైతే ఏం కనబడుతుంది

గీత మీదనుంచి ముందువైపుకి లేచిన ఒక నిర్మాణం కనబడుతుంది. చాలా జాతుల్లో అది జంటగా ఉంటుంది, రెండు చిన్న వేళ్లలా, రెండు కొమ్ముల్లా, లేదా రెండు మొగ్గల్లా. కొన్నిటిలో రెండూ కలిసిపోయి ఒకే వెడల్పాటి పలకలా ఉంటుంది, పోసిలోథేరియా, బ్రాకిపెల్మా అలాంటివే. జంట కనబడకపోతే మగది అనుకునేవాళ్లు వీటి దగ్గర బోల్తా పడతారు. పెద్ద ఆడవాటిలో ఈ సంచులు గోధుమరంగులోకి తిరిగి గట్టిపడి ఉంటాయి, మామూలు కళ్లకే తెలిసిపోతాయి. చిన్నవాటిలో పారదర్శకంగా, పలచగా ఉంటాయి.

వీటితోపాటు ఇంకో పలచటి పొర ఉంటుంది, దాన్ని యుటెరస్ ఎక్స్‌టర్నస్ అంటారు. ఇది చాలాసార్లు స్పెర్మథీకా మీద దుప్పటిలా కప్పుకుని పడి ఉంటుంది. అందుకే ఏమీ కనబడలేదని నిర్ణయానికి వచ్చేముందు గుండుసూది మొననో సన్నటి బ్రష్‌నో ఆ గీత దగ్గర పెట్టి, పొరను నెమ్మదిగా వెనక్కి మడిచి చూడండి. ఏదో ఒకటి తోలునుంచి విడిగా లేస్తోంది, దాని కిందికి సూది దూరుతోంది అంటే ఆడది అనడానికి అది మంచి సూచన. నా అనుభవంలో ఆకారం చూసి చెప్పడంకంటే ఈ సూది పరీక్షే ఎక్కువసార్లు కాపాడింది. ఫోటోలో ఒక ముడత కూడా సంచిలా కనిపించొచ్చు, సూది పెడితే ముడత చదునైపోతుంది, సంచి మాత్రం మళ్లీ లేచి నిలబడుతుంది.

మగదైతే

అక్కడ ఏమీ ఉండదు. గీత ఉంటుంది, దాని అంచు కాస్త మందంగా ఉండొచ్చు, అంతే. చెప్పడానికి తేలికే కానీ "లేదు" అని నమ్మకంగా చెప్పడం "ఉంది" అనడంకంటే ఎప్పుడూ కష్టమే.

పైగా కొన్ని మగవాటిలో అదే చోట చిన్న జంట బుడిపెలుంటాయి, వాటిని యాక్సెసరీ ఆర్గాన్స్ అంటారు. అచ్చం చిన్న స్పెర్మథీకాలా కనబడి ఎంత అనుభవం ఉన్నవాళ్లనైనా తప్పుదారి పట్టిస్తాయి. తేడా ఏమిటంటే, వీటిమీద ఆ దుప్పటి పొర ఉండదు, బాగా పెరిగిన సాలీడులో కూడా ఇవి సన్నగా, చిన్నగానే మిగిలిపోతాయి. 5 అంగుళాల సాలీడుకి రెండు పీలికల్లాంటివి కనబడితే అనుమానపడండి, అంత పెద్ద ఆడదైతే ఇంకా స్పష్టంగా ఉండాలి.

బయటివైపునుంచి కూడా మగదానికి ఒక గుర్తుంది. గాడికి కాస్త ముందు, మధ్యలో, పొట్టిగా గుబురుగా ఉండే ప్రత్యేకమైన దారపు గొట్టాల మచ్చ ఒకటి ఉంటుంది, ఎపియాండ్రస్ ఫ్యూసిల్లే అని పేరు. బతికున్న సాలీడు అద్దానికి అతుక్కుని ఉన్నప్పుడు కిందినుంచి ఫోటో తీసి కొందరు ఈ మచ్చను బట్టే చెబుతారు. కొన్ని జాతుల్లో బాగా తెలుస్తుంది, నల్లటి ఒంటివాటిలో ఏమీ తెలియదు. కుబుసం దొరికేదాకా కాలక్షేపానికి బాగుంటుంది, దాన్ని నమ్మి జత కోసం సాలీడును ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం చేయొద్దు.

ఇక "స్పెర్మథీకా లేదంటే మగదే" అనే సూత్రానికి కూడా మినహాయింపులున్నాయి. బ్రెజిల్‌లో ఉండే సికియస్ లాంగిబల్బీ, ఆఫ్రికాలో చెట్ల మీద ఉండే ఎన్సయోక్రాటెల్లా ఒలివేసియా, ఈ రెండు జాతుల్లో ఆడవాటికి అసలు స్పెర్మథీకా ఉండదు. మీ దగ్గర ఇవి ఉండే అవకాశం తక్కువే, అయినా ప్రకృతి మన సూత్రాలు చదివి నడవదు కదా.

ఎంత సైజు నుంచి చూడొచ్చు

కాళ్లు చాపితే 2 అంగుళాలు దాటినవాటికి మంచి భూతద్దంతో చాలావరకు తేలిపోతుంది. అంతకంటే చిన్నవాటిని మైక్రోస్కోప్ ఉన్నవాళ్లు ముందే చెప్పగలరు. పిల్లల కుబుసం గోరంత ఉంటుంది, అందులో పొట్ట తోలు ఇంకెంత ఉంటుంది, దాంతో కుస్తీ పట్టి కళ్లు పాడుచేసుకోవడంకంటే ఇంకో రెండు కుబుసాలు ఆగడం మేలు. మరుగుజ్జు జాతులకు ఈ అంగుళాల లెక్క వర్తించదు, అవి పెద్దయ్యేదే అంత.

పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్, కంప్యూటర్‌కి పెట్టుకునే యూఎస్‌బీ మైక్రోస్కోప్, వీటిలో ఏదైనా పనికొస్తుంది. వెలుతురు ఎక్కడినుంచి వస్తోందన్నది లెన్స్‌కంటే ముఖ్యం. ఒకసారి పైనుంచి, ఒకసారి పక్కనుంచి ఏటవాలుగా, ఒకసారి అడుగునుంచి వెలుతురు పెట్టి చూడండి. ఏటవాలు వెలుతురులో లేచి ఉన్న నిర్మాణం నీడ పడుతుంది. అడుగునుంచి వచ్చే వెలుతురులో, అంటే గాజు పళ్లెం కింద ఫోన్ స్క్రీన్‌ను తెల్లగా వెలిగించి పెడితే, పలచటి తోలుకీ మందపు సంచికీ తేడా తెలుస్తుంది.

చూసింది రాసుకునేటప్పుడు మూడు మాటలే వాడండి: ఆడది, మగది కావచ్చు, తెలియలేదు. తోలు చిరిగి ఆ భాగమే పోయినప్పుడు చాలామంది "మగది" అని రాసేస్తారు, అది "తెలియలేదు" కింద రాయాల్సింది. చిన్న సాలీడుకి మొదటిసారి ఏమీ కనబడకపోతే "మగది కావచ్చు" అని రాసి, తర్వాతి కుబుసంలో కూడా అలాగే ఉంటే అప్పుడు "కావచ్చు" కొట్టేయండి.

ఆఖరి కుబుసం విడిచిన మగదాన్ని గుర్తించడానికి ఈ తంటా ఏదీ అక్కర్లేదు. మూతి పక్కనుండే రెండు చిన్న కాళ్ల చివర్లు బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కున్నట్టు ఉబ్బుతాయి, చాలా జాతుల్లో ముందు కాళ్లకు లోపలివైపు కొక్కేలు వస్తాయి. కొక్కేలు లేవు కాబట్టి మగది కాదు అనడం కూడా కుదరదు, పోసిలోథేరియా మగవాటికి అవి ఉండవు, థెరఫోసా బ్లాండీ మగదానికీ ఉండవు. దాని దగ్గరి బంధువుకు ఉంటాయి, అందుకే దానికి థెరఫోసా అపోఫిసిస్ అని పేరు పెట్టారు, ఆ కొక్కేన్ని అపోఫిసిస్ అంటారు మరి.

ఇప్పుడు జాతి

ఇక్కడనుంచి గొంతు తగ్గించి మాట్లాడాలి. టరాంటులాల కుటుంబంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. కుబుసం చూసి చేయగలిగింది వాటిలో చాలావాటిని కొట్టేయడం, ఒక్కదాని మీద వేలు పెట్టడం కాదు. మీ సాలీడు డబ్బా మీద ఒక పేరు ఉంటే, ఆ పేరు కుదురుతుందా కుదరదా అని పరీక్షించడానికి కుబుసం బ్రహ్మాండంగా పనికొస్తుంది. పేరే లేకుండా దొరికితే ప్రజాతి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు) వరకు వెళ్లగలిగినా గొప్పే.

మొదట చూడాల్సింది పొట్ట మీద దురద వెంట్రుకలు. అవి ఉంటే అమెరికా ఖండాలది, ఆసియా, ఆఫ్రికాలవాటికి అసలు ఉండవు. పొట్ట తోలు మీద బట్టతల లాంటి ఖాళీ మచ్చ ఉంటే, అది కాళ్లతో వెంట్రుకలు విసిరిన గుర్తు. కానీ తిరగేసి చెప్పకూడదు, లేకపోతే ఆసియాదే అని. సాల్మోపియస్, టాపినాకీనియస్ అమెరికావే అయినా వాటికి దురద వెంట్రుకలు లేవు. ఎఫెబోపస్‌కి ఉన్నాయి కానీ పొట్ట మీద కాదు, మూతి పక్కనుండే చిన్న కాళ్ల మీద. మంచి మైక్రోస్కోప్ ఉంటే ఇంకో మెట్టు దిగొచ్చు. ఈ వెంట్రుకల్లో 7 రకాలు గుర్తించారు, అవిక్యులేరియాది రెండో రకం, విసరడానికి కాక నేరుగా తగిలించడానికి పనికొచ్చేది. ఏడో రకాన్ని కొలంబియాకి చెందిన కాంకువామోలో 2016లో వర్ణించారు.

తర్వాత వీపు చిప్ప. దాని మధ్యలో ఒక గుంట ఉంటుంది, సెరాటోగైరస్‌లో చాలా జాతులకు ఆ గుంట ఉండాల్సిన చోట కొమ్ము లేచి ఉంటుంది, కుబుసంలో కూడా స్పష్టంగా కనబడుతుంది, అయితే పిల్లల్లో అది ఇంకా పెరిగి ఉండదు. తర్వాత రంగులు. వెంట్రుకల రంగు కుబుసంలో చాలావరకు నిలుస్తుంది కాబట్టి బ్రాకిపెల్మా హమోరీ మోకాళ్ల నారింజ మచ్చలు, టిలిటోకాట్ల్ ఆల్బోపిలోసస్ వంకీల వెంట్రుకలు, పెద్ద అవిక్యులేరియా గులాబీ కాలివేళ్లు తెలుస్తాయి. అవిక్యులేరియా పిల్లల్లో ఇది తలకిందులు, కాళ్లు లేతగా, చివర్లు నల్లగా ఉంటాయి, కాబట్టి వయసు చూడకుండా రంగు చూడకూడదు. నీలం సంగతి ఇంకా తమాషా. గుత్తి పేరుమీద ప్రపంచమంతా గూటీ సఫైర్ అని పిలుచుకునే పోసిలోథేరియా మెటాలికా ఒంటిమీదున్నది నీలం వర్ణకం కాదు, వెంట్రుకల్లోని అతిసూక్ష్మమైన పొరలు వెలుతురును వెనక్కి తిప్పే తీరువల్ల అలా కనబడుతుంది, అందుకే ఎండిన తోలుని పక్కకి తిప్పుతూ చూడండి.

పోసిలోథేరియాల్లో మాత్రం పైవైపు కన్నా కిందివైపు ఎక్కువ చెబుతుంది. ముందు కాళ్ల అడుగున పసుపు, నలుపు పట్టీలు ఎక్కడెక్కడ, ఎంత వెడల్పున ఉన్నాయన్నది ఈ జాతుల్ని వేరుచేయడానికి ముఖ్యమైన ఆధారం. పోసిలోథేరియా రెగాలిస్‌కి పొట్ట అడుగున అడ్డంగా లేత పట్టీ ఉంటుంది. నేను తడపకముందు ఫోటోలు తీయమని మొత్తుకున్నది ఇందుకే.

ఇక ఆడదని తేలితే స్పెర్మథీకా ఆకారమే ఇంకో ఆధారం. శాస్త్రవేత్తలు కూడా ఆడవాటికి దీన్ని, మగవాటికి మూతి పక్క కాళ్ల చివరి బల్బు ఆకారాన్ని చూస్తారు. పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఒక సంగతి మరవద్దు, ఎదిగే వయసులో ఈ సంచుల ఆకారం మారుతుంది, ప్రచురించిన బొమ్మలు పెద్ద ఆడవాటివి. మీ 3 అంగుళాల పిల్లదాన్ని ఆ బొమ్మతో పోల్చి "ఇది వేరే జాతి" అనుకుంటే అంతే సంగతులు. తోలు సాగినా నలిగినా కూడా ఆకారం మారిపోతుంది.

పైగా పేర్లు కూడా నిలకడగా ఉండవు. ఏళ్ల తరబడి అందరూ బ్రాకిపెల్మా స్మితీ అని పెంచుకున్న ఎర్రమోకాళ్ల సాలీళ్లలో చాలావరకు బ్రాకిపెల్మా హమోరీ అని 2017 నాటి పరిశీలన తర్వాత తేలింది. ఈ రెండిటికీ స్పెర్మథీకా పలకలో తేడా ఉంది కాబట్టి పెద్ద ఆడదాని కుబుసం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. అదే 2017లో అవిక్యులేరియాని కూడా పూర్తిగా సర్ది, కొన్నిటిని కారిబేనా, ఇబిరాపోరా లాంటి కొత్త ప్రజాతుల్లోకి మార్చారు. 2020లో బ్రాకిపెల్మాలో కొన్ని టిలిటోకాట్ల్ అయ్యాయి. కాబట్టి పాత పట్టికతో పోల్చేముందు ఆ పేరు ఇప్పుడు చెల్లుతోందో లేదో వరల్డ్ స్పైడర్ క్యాటలాగ్‌లో వెతకండి.

కుబుసం పూర్తిగా చేతులెత్తేసే చోటు ఆఫోనోపెల్మా. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని ఈ ప్రజాతిని 2016లో మొత్తం తిరగరాసి 29 జాతులని తేల్చారు, అందులో 14 కొత్తవి, ఒకదానికి గాయకుడు జానీ క్యాష్ పేరు పెట్టారు. ఆ పని చేయడానికి వాళ్లకు డీఎన్‌ఏ కావాల్సివచ్చింది, సాలీడు ఎక్కడ దొరికిందన్న సమాచారం కూడా కావాల్సివచ్చింది. మన బల్ల మీదున్న గోధుమరంగు తోలు ఒక్కటి చూసి ఆ 29లో ఏదో చెప్పేవాళ్లుంటే, వాళ్లది ధైర్యమే కానీ జ్ఞానం కాదు. రెండు జాతులను కలిపి పుట్టించిన సంకర సాలీళ్ల విషయంలోనూ అంతే, కుబుసంతో పట్టుకోలేం.

దాచడం, ఇంకొకరికి చూపించడం

పని అయ్యాక పొట్ట తోలును లోపలివైపు పైకి ఉండేలా మందపాటి తెల్ల కాగితం మీద పరిచి, అంచుల్ని గుండుసూదులతో థర్మాకోల్‌కి గుచ్చి ఆరనివ్వండి. ఆరాక పెళుసుగా అవుతుంది, చిన్న పారదర్శకమైన డబ్బాలో పెట్టేయండి. ఆకారం చెడకుండా ఉండాలంటే 70 శాతం ఆల్కహాల్‌లో వేసి మూత బిగించండి. లేబుల్ మీద సాలీడు పేరు, కుబుసం విడిచిన తేదీ, చిప్ప కొలత, మీరు తేల్చింది, ఇవి పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఇది నేను ఆరు డబ్బాల లేబుళ్లు నీలి మరకలుగా మారాక నేర్చుకున్నాను.

వేరేవాళ్ల అభిప్రాయం అడిగేటప్పుడు పొట్ట తోలు మొత్తం కనబడే ఫోటో ఒకటి, పై రెండు బుక్ లంగ్స్ మధ్య భాగం దగ్గరగా తీసింది ఒకటి, పొరను వెనక్కి మడిచాక తీసింది ఇంకొకటి పంపండి. ముందువైపు ఏదో బాణం గుర్తుతో చూపించండి. దగ్గరి ఫోటో ఒక్కటే పంపిస్తే అది ముందు జతో వెనక జతో ఎవరికీ తెలియదు, పదిమంది పది రకాలుగా చెబుతారు. మీరేమనుకుంటున్నారో మాత్రం ముందే రాయకండి, రాస్తే వాళ్లకి కూడా అదే కనబడుతుంది.